చిలక మెదడు చిన్నదే, అయితే ఏమిటి?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. చిలక మెదడు ఉసిరికాయంత కూడా ఉండదట, దాని మీద ముడతలు లేవట, అందుకే దానికి ఆలోచన లేదు, బాధ తెలియదు, విన్నది వల్లించే టేపురికార్డరేనట. చివర ఒక సలహా: పిల్లచిలక నాలుకను నాణెంతో గీరితే త్వరగా మాటలు వస్తాయట. ఈ సలహా చూశాక ఊరుకోవడం నావల్ల కాలేదు.

మెదడు చిన్నదే, ఒప్పుకుంటాను. అందులో ఎన్ని నాడీకణాలు ఇమిడాయో చూడరేం? 2016లో వెలువడిన లెక్కల ప్రకారం నీలి-పసుపు మకావ్ అనే పెద్ద చిలక మెదడు బరువు సుమారు 20 గ్రాములు. అందులో ఆలోచనకు ఆధారమైన పాలియం అనే భాగంలో దాదాపు 190 కోట్ల నాడీకణాలున్నాయి. అంతకు మూడు రెట్లకు పైగా బరువైన మెదడున్న రీసస్ కోతి కార్టెక్స్‌లో, అంటే అదే పని చేసే మెదడు పైపొరలో, ఉన్నవి 170 కోట్లు. చిలకలో కణాలు చిన్నవి, ఒత్తుగా ఉంటాయి. మన రామచిలక మెదడు మకావ్‌ది కన్నా చాలా చిన్నదే కానీ నిర్మాణం అదే.

ముడతలు లేవన్నదీ నిజమే. మన కార్టెక్స్ పొరలున్న పలుచని పట్టీ. విస్తీర్ణం పెరిగితే పుర్రెలో పట్టడానికి ముడుచుకోక తప్పదు. చిలకలో ఆ పని చేసే కణజాలం ఎక్కువగా ముద్దలు ముద్దలుగా ఉంటుంది, దానికి ముడతలతో పనిలేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర లూడ్విగ్ ఎడింగర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ ముద్దలను చూసి, ఇదంతా సహజాతాలను, అంటే పుట్టుకతో వచ్చే ప్రవర్తనను, నడిపే స్ట్రయేటం అనే మెదడు లోపలి భాగమే అనుకున్నాడు. ఆ పొరపాటు వందేళ్లు పుస్తకాల్లో బతికింది. 2004లో శాస్త్రవేత్తలు ఆ భాగాల పేర్లనే మార్చారు. ఈ సందేశం మోస్తున్నది ఆ పాత తప్పునే!

టేపురికార్డరు మాట మరీ అన్యాయం. మాట నేర్వడానికి దానికి ప్రత్యేక ఏర్పాటే ఉంది: చిలక మెదడులో స్వరం నేర్చే కేంద్రాలకు లోపల కోర్, చుట్టూ షెల్ అని రెండు భాగాలుంటాయి. పాడే పిట్టల్లో ఈ షెల్ కనబడదు. నేర్చిన మాటను అర్థంతో వాడనూ గలదు: అమెరికా శాస్త్రవేత్త ఐరీన్ పెపర్‌బర్గ్ శిక్షణలో పెరిగిన అలెక్స్ అనే బూడిదరంగు చిలక వస్తువుల రంగు, ఆకారం, సంఖ్య అడిగితే చెప్పేది. ఇక బాధంటారా, నొప్పిని పట్టే నాడులు పక్షులకూ ఉన్నాయి. పంజరంలో ఒంటరిగా పడి ఉన్న చిలక తన ఈకలు తానే పీక్కోవడం పశువైద్యులు ఎరిగినదే.

ఇక నాలుక గీరే సలహా. చిలక గొంతు పుట్టేది నాలుకలో కాదు, శ్వాసనాళం అడుగున ఉన్న సిరింక్స్ అనే స్వరపేటికలో. కండ పట్టిన నాలుక ఆ ధ్వనిని మలుస్తుంది, తిండికీ అదే ఆధారం. వరికంకి మీద వాలిన రామచిలకను చూడండి: గింజను నాలుకతో ముక్కు అంచున తిప్పి, పొట్టు రాల్చి, బియ్యాన్నే మింగుతుంది. ఆ నాలుకను గీరితే పుండు పడుతుంది తప్ప మాట రాదు. పైగా రామచిలకను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఆంధ్ర-ఒడిశా సరిహద్దుకు ఇటైనా అటైనా అదే చట్టం.