తెర ముందు టీచర్‌కూ శిక్షణ కావాలి

కొవిడ్ వల్ల 2020లో బడులు మూతపడ్డప్పుడు నెదర్లాండ్స్‌లో పిల్లలు దాదాపు 8 వారాలు ఇంటి నుంచే చదివారు. ఇంటింటికీ మంచి ఇంటర్నెట్ ఉన్న దేశమది. అయినా ఆ వారాల్లో ప్రాథమిక పాఠశాలల పిల్లలు కొత్తగా నేర్చుకున్నది దాదాపు ఏమీ లేదని, తల్లిదండ్రులు పెద్దగా చదువుకోని ఇళ్లలో నష్టం ఇంకా ఎక్కువని 2021లో వచ్చిన అధ్యయనం తేల్చింది. అంతకుముందు 2010లో అమెరికా విద్యాశాఖ పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఆన్‌లైన్‌లో చదివినవారే కాస్త మెరుగ్గా కనిపించారు. తరగతినీ ఆన్‌లైన్‌నూ కలిపిన చోట ఫలితం మరింత బాగుంది.

ఈ రెండింటికీ పొత్తు కుదరదనిపిస్తుంది. కానీ అమెరికా నివేదికలోనివి ముందే ఆలోచించి తయారుచేసిన కోర్సులు, ఎక్కువగా పెద్ద విద్యార్థులవి. వాటిలో చదువుకు దొరికిన సమయం, సామగ్రి కూడా ఎక్కువే. 2020లో మాత్రం టీచర్లను రాత్రికి రాత్రి కెమెరా ముందు కూర్చోబెట్టారు.

వీడియో పాఠాన్ని మధ్యమధ్యలో ఆపి చిన్న ప్రశ్నలు అడిగితే ధ్యాస చెదరడం తగ్గుతుందని, పాఠం బాగా గుర్తుంటుందని 2013లో హార్వర్డ్ పరిశోధకులు చూపారు. ఎక్కడ ఆపాలో, ఏం అడగాలో నిర్ణయించాల్సింది టీచరే. తరగతిలో ముఖం చూసి పసిగట్టే తడబాటును కెమెరాలు ఆపేసిన పేర్ల వరుసలో పట్టుకోవాలంటే వేరే నేర్పు కావాలి. అందరిచేతా చాట్‌లో ఒక్కో వాక్యం రాయించాలి. రాయని పిల్లల ఇంటికి ఆ రోజే ఫోన్ చేయాలి. పదిమంది చేసిన ఒకే రకం తప్పును గుర్తించి మర్నాటి పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

శిక్షణ మాత్రం చాలాచోట్ల యాప్ తెరవడం, స్క్రీన్ షేర్ చేయడం దగ్గరే ఆగిపోతోంది. సబ్జెక్టు, బోధన పద్ధతి, టెక్నాలజీ విడివిడిగా వస్తే చాలదని, మూడింటినీ కలిపే నేర్పు కావాలని విద్యా పరిశోధకులు పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ 2006లోనే వివరించారు. భిన్నాలు చెప్పే తీరులో పద్యం చెప్పలేం కదా!

అందుకే కాబోయే టీచర్లు చేసే టీచింగ్ ప్రాక్టీస్‌లో కొన్ని పాఠాలైనా ఆన్‌లైన్‌లో చెప్పించాలి. ఆ రికార్డింగ్‌ను అనుభవజ్ఞులతో కలిసి చూసి, లోపాలు దిద్దుకుని, అదే పాఠాన్ని మళ్లీ చెప్పించాలి. ఇప్పటికే పనిచేస్తున్నవారికి ఇది సెలవు రోజు భారం కాకూడదు, పనివేళల్లోనే సమయమివ్వాలి. అక్షరాలు నేర్చుకునే వయసుకు తెర సరిపోదన్న సంగతీ శిక్షణలో దాచకుండా చెప్పాలి. పరికరాలకు కేటాయించే ప్రతి బడ్జెట్‌లోనూ ఇందుకు విడిగా వాటా చూపించాలని ప్రభుత్వాలను కోరుతున్నాం.