కుర్చీలో పెద్దాయన

మోకాలి మీద కమిలిన మచ్చ ఇంకా పోలేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మా టీమ్‌లో ఒక డచ్ మహానుభావుడున్నాడు. నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్ ప్రాంతంలో కాలువలు గడ్డకడితే పదకొండు ఊళ్లు చుడుతూ దాదాపు 200 కిలోమీటర్లు స్కేటింగ్ చేస్తారట. దారి పొడవునా 15 సెంటీమీటర్ల మందాన మంచు ఉంటేనే జరుపుతారట. 1997 తర్వాత అది ఒక్కసారీ కుదరలేదని లంచ్‌లో మాకు అన్నం దిగకుండా బాధపడుతుంటాడు. ఆ దుఃఖం తీరక డచ్చివాళ్లు 1989 నుంచి ఆస్ట్రియాలోని వైసెన్‌జే సరస్సుకు పోయి, ఆ 200 కిలోమీటర్లూ గడ్డకట్టిన నీళ్ల మీద చుట్లు కొట్టి పూర్తి చేస్తున్నారు. "నువ్వూ రా, ఊరికే చూద్దువుగాని" అన్నాడు. వెళ్లాను.

చూడటానికి వెళ్లినవాడి కాళ్లకు స్కేట్స్ ఎవరు కట్టారో అడగొద్దు. తెల్లవారకముందే అతను తలకు లైటు తగిలించుకుని బయల్దేరుతూ నా చేతికి ఒక చెక్క కుర్చీ అప్పగించాడు. వాళ్ల దేశంలో పిల్లలు దాన్ని తోసుకుంటూనే నేర్చుకుంటారట.

ఎండ వచ్చాక ఒడ్డు పక్కన కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. ఇంతలో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు సర్రున వచ్చి, నా వైపు చూసి తలూపి, కుర్చీలో కూర్చున్నారు. అడగలేదు. లేసులు బిగించుకోవడం మొదలుపెట్టారు.

వెనక నుంచి గాలి తోసింది. కుర్చీ కదిలింది. వదిలేస్తే నేను పడతాను, పట్టుకుంటే ఆయనతో పాటు పోతాను. పోయాను. ఆయనకు ఇందులో వింతేమీ కనిపించినట్టు లేదు. ఎడమ కాలు లేసు మొత్తం విప్పి, ఒక్కో కన్నంలోంచి లాగి, మళ్లీ మొదటి నుంచి ఎక్కించారు. మధ్యలో జేబులోంచి అరటిపండు తీసి తిన్నారు. తొక్క మడిచి మళ్లీ జేబులోనే పెట్టుకున్నారు, ఆ శుభ్రతకు మాత్రం దణ్ణం పెట్టాలి. పెళ్లికూతుర్ని బుట్టలో మోసే మేనమామకైనా పీటల దగ్గర దించేస్తే పని అయిపోతుంది. నాకు ఎక్కడ దించాలో తెలియదు, ఎలా ఆపాలో అసలే తెలియదు. కింద సరస్సు ధమ్మని మోగింది. మంచు మందంగా ఉంటే అలాగే మోగుతుందని, భయపడకూడదని మావాడు కార్లో చెప్పాడు. చెప్పినవాడు అక్కడ లేడుగా! సూప్ బండి దగ్గర జనం మమ్మల్ని చూసి "హుప్ హుప్" అంటూ అరిచారు. పెద్దాయన చెయ్యి ఊపారు. ఇక కుడి కాలు లేసు.

అప్పుడే నా స్కేట్ పగులులో ఇరుక్కుంది. నేను బోర్లా పడ్డాను. కుర్చీ ఆగలేదు. పెద్దాయన తాపీగా ముడి వేసి, నడుస్తున్న బస్సులోంచి కండక్టరు దిగినట్టు లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, తిరిగి చూడకుండా స్కేట్ చేసుకుంటూ వెళ్లిపోయారు. జనం చప్పట్లు కొట్టారు, ఆయనకి. ఖాళీ కుర్చీ ఒక్కటే ఇంకాస్త దూరం పోయి, రేసు దారి అంచున పల్టీ కొట్టింది.

సాయంత్రం మావాడు 200 పూర్తి చేసి, మీసాల మీద మంచుతో నవ్వుతూ వచ్చాడు. విరిగిన కుర్చీ కాలికి హోటల్ వాళ్లు బిల్లు వేశారు. కుర్చీ అడిగి తెచ్చింది అతనే. రాయించింది మాత్రం నా రూమ్ నంబరట.