షట్టర్ మీద 2 నంబరు

నిన్న క్యాబినెట్ మీటింగ్ అయింది. ఇవాళ్టి నుంచి, అంటే 2021 జూన్ 20 నుంచి, తెలంగాణలో లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేశామన్నారు. సంతోషం. నాది మ్యాచింగ్ సెంటర్. పొద్దున షట్టర్ లేపుతుంటే పక్క షాపతను "అన్నా, ఇక టైం లేదు కదా, రాత్రి దాకా ఉండొచ్చు కదా" అని మూడు సార్లు అడిగాడు. నాకేం తెలుసు? నేనూ టీవీలో చూసిందే. మా మున్సిపాలిటీ వాళ్లకు ఫోన్ చేస్తే వాళ్లూ టీవీలో చూసిందే చెప్పారు.

ముందే చెప్తున్నా, కరోనా గిరోనా ఏం లేదని వాదించే రకం కాదు నేను. ఏప్రిల్‌లో మా బజారులోనే ఇద్దరు పోయారు. షాపులు మూయమన్నప్పుడు కిక్కురుమనకుండా మూశాను. నా గొడవ వేరే. మూయమన్నా తెరవమన్నా పైనుంచి ఒక మాట వస్తుంది. కింద ఆ మాటను అమలు చేయడానికి ఏం సిద్ధం చేసుకోవాలో ఎవరూ ఆలోచించరు.

పోయినేడాది సంగతి గుర్తుందా? 2020 మే 5న రాత్రి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రెస్ మీట్. ఊళ్లల్లో, మండల కేంద్రాల్లో అన్ని షాపులూ తెరవొచ్చు, మున్సిపాలిటీల్లో మాత్రం సగమే అన్నారు. రద్దీ తగ్గాలి కాబట్టి సగం. వినడానికి బాగానే ఉంది. మా దగ్గర ఏం చేశారంటే, ఇద్దరు మనుషులు పెయింట్ డబ్బా పట్టుకుని బజారు ఆ చివర నుంచి ఈ చివరకు 1, 2, 1, 2 అని షట్టర్ల మీద రాసుకుంటూ పోయారు. ఏ షాపులో ఏం అమ్ముతారని ఒక్కరినీ అడగలేదు. ఒక రోజు 1 షాపులు, మర్నాడు 2 షాపులు తెరవాలన్నమాట. నాకు 2 పడింది. నా పక్కన టైలర్ అన్నకు 1 పడింది.

మ్యాచింగ్ సెంటర్ ఎట్లా నడుస్తుందో ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. మగవాళ్ల కోసం చెప్తున్నా. చీర పట్టుకొని వస్తారు. నేను నాలుగు తాన్లు తీసి పరుస్తా. అందులో రెండు చేత పట్టుకొని గడప దాకా వెళ్లి, ఎండలో చీర పక్కన పెట్టి చూస్తారు. ట్యూబ్‌లైట్ కింద ఒకటే రంగు అనిపించింది ఎండలోకి వెళ్తే రెండు రంగులవుతుంది. మళ్లీ లోపలికి, మళ్లీ బయటికి. చివరికి టూ బై టూ జాకెట్ ముక్క, లైనింగ్, ఫాల్ తీసుకొని పక్క టైలర్ దగ్గరికి పోయి కొలతలిస్తారు. అదీ పద్ధతి. ఇప్పుడు నేను తెరిచిన రోజు టైలర్ ఉండడు, టైలర్ ఉన్న రోజు నేనుండను. వైశాఖం, పెళ్లిళ్లు. 50 మందితో చేసుకున్నా పెళ్లికూతురికి జాకెట్ కావాలి కదా! ఒక్క రోజు అయ్యే పనికి రెండు రోజులు బజారుకు రావాల్సి వచ్చింది. రద్దీ ఏం తగ్గినట్టు?

మా దగ్గర కనీసం పెయింట్ వృథా అయింది అంతే. హైదరాబాద్‌లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను రద్దీ తగ్గించాలని కోహెడకు మార్చారు. ఆలోచన మంచిదే, నేను కాదనను. కానీ మామిడి సీజన్‌లో గాలిదుమారం వస్తుందని మన దగ్గర చిన్న పిల్లలకు కూడా తెలుసు. మే 4న గాలివాన వచ్చింది, తాత్కాలిక షెడ్లు కూలాయి, జనానికి దెబ్బలు తగిలాయి.

సరే, అది మొదటిసారి, ఎవరికీ అనుభవం లేదనుకుందాం. మరి ఈసారి? మే 11న క్యాబినెట్, 12న పొద్దున పదింటి నుంచి లాక్‌డౌన్. సడలింపు పొద్దున 6 నుంచి 10 దాకా. మా చెల్లెలు ఆంధ్రాలో, జగ్గయ్యపేటలో ఉంటుంది, అక్కడ మధ్యాహ్నం 12 దాకా ఉండేది. మధ్యలో ఉన్నది ఒక చెక్‌పోస్టు, అటూ ఇటూ ఉన్నది ఒకటే వైరస్. మరి మా దగ్గర నాలుగు గంటలు, వాళ్ల దగ్గర ఆరు గంటలు ఎట్లా సరిపోతాయో ఆ లెక్క నాకర్థం కాలేదు.

నాలుగు గంటలంటే ఏమైంది? రోజంతా వచ్చే జనం తొమ్మిదింటికి ఒక్కసారిగా వచ్చి పడ్డారు. కూరగాయలు, కిరాణా, మందులు, మటన్, అన్నీ అప్పుడే. 9:45కి పోలీసు సైరన్. నేను షట్టర్ సగం దించేసరికి ఒకామె చీర కొంగు లోపల, తను బయట. అప్పుడు ఆమెతో ఆరడుగుల దూరం అంటే నవ్వింది, మాస్కులో నవ్వు కనపడదు గానీ కళ్లు చెప్పాయి. మే 31 నుంచి మధ్యాహ్నం ఒంటి గంట దాకా, జూన్ 10 నుంచి సాయంత్రం 5 దాకా పెంచారు. టైం పెరిగేకొద్దీ బజారు పల్చబడింది. ఇది కనిపెట్టడానికి డాక్టర్లక్కర్లేదు, మా బజారులో ఒక స్టూలేసుకొని కూర్చుంటే చాలు.

కూర్చునేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. అదే విచిత్రం. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు: యువకులవి, మహిళలవి, పెద్దవాళ్లవి, ప్రముఖులవి. ఒక్కోదాంట్లో 15 మంది. అంటే వార్డుకు 60 మంది. 2020 ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి అనే సర్కారు కార్యక్రమం అప్పుడు మా వార్డులోనూ పేర్లు రాసుకున్నారు, నా పేరు కూడా ఉంది. ఫొటో దిగాం, టీ తాగాం. నెల తిరక్కుండా లాక్‌డౌన్ వచ్చింది. ఆ 60 మందిలో ఒక్కరినైనా పిలిచి, మీ బజారులో ఏ షాపులు ఎట్లా తెరిస్తే బాగుంటుందని అడిగారా? నన్నయితే ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

సిబ్బంది లేరంటారు. నిజమే, ఉన్న కొద్దిమంది పారిశుధ్య కార్మికులే ప్రాణాలకు తెగించి పనిచేశారు, వాళ్లను అనను. కానీ తోపుడు బండ్ల వాళ్లకు కేంద్రం 10,000 లోను ఇస్తామంటే మున్సిపాలిటీ వాళ్లే గల్లీ గల్లీ తిరిగి లిస్టు రాశారు. అంటే తిరగడం చేతకాక కాదు.

ఒక్క మంచి పని ఒప్పుకోవాలి. మే ఆఖరి నుంచి గ్యాస్ డెలివరీ వాళ్లకు, రేషన్ డీలర్లకు, పెట్రోల్ బంకుల వాళ్లకు ముందుగా టీకాలు వేశారు. తర్వాత కూరగాయల వాళ్లకు, కిరాణా వాళ్లకు. తెరవడానికి సిద్ధపడటమంటే అది. పేరు మాత్రం 'సూపర్ స్ప్రెడర్లు' అని పెట్టారు! ఎండలో సిలిండర్ భుజాన మోసుకొచ్చేవాడికి ఆ పేరా? మా లాంటి బట్టల షాపుల వాళ్లకు మా దగ్గర ఇంకా పిలుపు రాలేదు. రోజూ వంద మంది ముట్టుకున్న తాన్లు చుట్టేది మేమే.

ఈ ఏడాదిన్నరలో మా మున్సిపాలిటీ నుంచి నా పేరు మీద వచ్చిన కాగితం ఒకే ఒక్కటి, ట్రేడ్ లైసెన్స్ రెన్యూవల్ నోటీసు. షాపు ఎన్ని నెలలు మూసి ఉందో అందులో లెక్క లేదు. పక్క టైలర్ అన్న ఆ నోటీసు కూడా తీసుకోలేదు, మార్చిలోనే షాపు ఖాళీ చేసి ఇంట్లో మిషన్ పెట్టుకున్నాడు. అతని షట్టర్ మీద 1 ఇంకా అట్లాగే ఉంది.

ఇవాళ మధ్యాహ్నం బేరాలు లేక కిరోసిన్ గుడ్డ తెచ్చి నా షట్టర్ మీద 2 తుడుద్దామని కూర్చున్నా. మా ఆవిడ వద్దంది. థర్డ్ వేవ్ వస్తుందంటున్నారు కదా, మళ్లీ పెయింట్ ఖర్చు మున్సిపాలిటీకి ఎందుకంది.