ఒక్క ల్యాప్‌తో తేలని వేగం

2021 డిసెంబర్ 12, అబుధాబి యాస్ మరీనా సర్క్యూట్. లూయిస్ హామిల్టన్, మాక్స్ వెర్‌స్టాపెన్ ఇద్దరూ సరిగ్గా 369.5 పాయింట్లతో ఫార్ములా వన్ కారు రేసుల సీజన్‌లో ఆఖరి పోటీకి వచ్చారు. ముందురోజు క్వాలిఫయింగ్‌లో, అంటే రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయల్దేరాలో తేల్చే ఒక్క ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) పరీక్షలో, వెర్‌స్టాపెన్ నడిపిన రెడ్‌బుల్, హామిల్టన్ మెర్సిడెస్ కన్నా 0.371 సెకను ముందు నిలిచింది. ఫార్ములా వన్ లెక్కల్లో అది చిన్న తేడా కాదు. తీరా రేసు మొదలయ్యాక మొదటి మలుపు దగ్గరే హామిల్టన్ ముందుకెళ్లాడు. ఆపైన 50 ల్యాప్‌లు దాటినా వెర్‌స్టాపెన్‌కు అందలేదు. 53వ ల్యాప్‌లో వెనకున్న ఓ కారు గోడను ఢీకొట్టింది. ప్రమాదవేళ అందరినీ నెమ్మదిగా ఒకే వరసలో నడిపించే సేఫ్టీ కారు వచ్చింది. 11 సెకన్ల ఆధిక్యం కరిగిపోయింది. 14వ ల్యాప్‌లో వేసుకున్న హార్డ్ (మన్నిక ఎక్కువ, పట్టు తక్కువ) టైర్లతో హామిల్టన్, అప్పుడే మార్చుకొచ్చిన కొత్త సాఫ్ట్ (పట్టు ఎక్కువ) టైర్లతో వెర్‌స్టాపెన్. మిగిలింది ఒకే ఒక్క ల్యాప్. ఐదో మలుపులో వెర్‌స్టాపెన్ దాటేశాడు, టైటిల్ అతడిదైంది, కథ ముగిసింది.

ఇంతకీ ఆ రెండు రోజుల్లో ఏ జట్టు కారు వేగంగా ఉన్నట్టు? శనివారం అడిగితే రెడ్‌బుల్ అనాలి. ఆదివారం సేఫ్టీ కారు వచ్చేదాకా చూసినవారు మెర్సిడెస్ అనాలి. చివరి ల్యాప్ ఒక్కటే చూసినవారు మళ్లీ రెడ్‌బుల్ అంటారు. సేఫ్టీ కారు నిర్ణయంపై రేగిన వివాదం వేరే చర్చ, దాన్ని ఇక్కడికి తేవడం లేదు. మేం చెప్పదలచింది ఒక్కటే. నిండు ట్యాంకుతో మొదలై, అరిగిపోతున్న టైర్ల మీద, ల్యాప్ వెంట ల్యాప్ నిలబెట్టగలిగే వేగమే కారు వేగం. పోల్ పొజిషన్‌ను (క్వాలిఫయింగ్‌లో దక్కే మొదటి స్థానాన్ని) చూసో, ట్రోఫీలను లెక్కపెట్టో ఆ తీర్పు ఇవ్వడం సరికాదు.

సీజన్‌కు ముందు జరిగే టెస్టింగ్ చూసి ఊగిపోయేవారికి 2019 గుర్తుండాలి. బార్సిలోనాలో సెబాస్టియన్ వెటెల్ ఫెరారీ 1 నిమిషం 16.221 సెకన్లలో ల్యాప్ పూర్తిచేసింది. హామిల్టన్ మెర్సిడెస్ 16.224. ఫెరారీదే ఈ ఏడాది అన్న మాట గట్టిగా వినిపించింది. తర్వాత మెల్‌బోర్న్‌లో మొదటి రేసు. మెర్సిడెస్ తరఫున వాల్టెరి బొటాస్ గెలిచాడు. వెటెల్ నాలుగో స్థానంలో, దాదాపు నిమిషం వెనక ఉన్నాడు. అక్కడితో ఆగలేదు, ఆ సీజన్ తొలి 8 రేసులూ మెర్సిడెస్‌వే.

ఇందులో మాయేమీ లేదు. టెస్టింగ్‌లో ట్యాంకులో ఎంత ఇంధనం పోశారో ఏ జట్టూ బయటపెట్టదు. అదనంగా 10 కిలోల ఇంధనం మోస్తే, ట్రాక్‌ను బట్టి ల్యాప్‌కు సుమారు 0.3 సెకను పోతుంది. ఆ లెక్కన బార్సిలోనాలో రెండు కార్ల మధ్య కనిపించిన 0.003 సెకను తేడా వంద గ్రాముల ఇంధనం విలువ. ఒక చిన్న గ్లాసులో పట్టేంత! దాన్ని పట్టుకుని అభిమానులు వారాల తరబడి వాదించుకున్నారు.

అదే 2019లో వేసవి విరామం తర్వాత దృశ్యం మారింది. నేరుగా సాగే దారుల్లో ఫెరారీని అందుకోవడం కష్టమైంది. స్పా, మోంజా సర్క్యూట్లలో ఫెరారీ డ్రైవర్ షార్ల్ లెక్లెర్ గెలిచాడు. ఏడాది మొత్తం మీద ఫెరారీకి 9 పోల్ పొజిషన్లు, మెర్సిడెస్‌కు 10. దాదాపు సమానమే. గెలుపులు మాత్రం ఫెరారీకి 3, మెర్సిడెస్‌కు 15. శనివారం ఒక్క ల్యాప్‌లో మెరిసిన కారు ఆదివారం నిలబడలేకపోయింది. మోంజాలో పలచటి రెక్కలతో దూసుకుపోయే కారుకు మొనాకో ఇరుకు మలుపుల్లో అదే గుణం అక్కరకు రాదు. ఎక్కడి వేగం అన్నది చెప్పకుండా ఎవరిది వేగం అని అడిగితే జవాబు ఉండదు.

ట్రోఫీల సాక్ష్యం కూడా అంతంతమాత్రమే. 2022లో లెక్లెర్ 9 పోల్స్ సాధించి మూడే రేసులు గెలిచాడు. స్పెయిన్‌లోనూ, బాకులోనూ ముందంజలో ఉండగానే ఇంజిన్ చేతులెత్తేసింది. ఫ్రాన్స్‌లో ముందుండి తానే కారును అడ్డుగోడలోకి పోనిచ్చాడు. ఫలితాల పట్టికలో ఈ మూడూ సున్నాలే. ఆ సున్నాలు చూసి కారు నెమ్మది అనడం అన్యాయం. మన్నిక లేని కారు అనండి, ఒప్పుకుంటాం. నెమ్మది అనకండి.

ఈ చర్చలో మమ్మల్ని అన్నిటికన్నా బాధపెట్టేది వేరే ఉంది. ఏ కారు వేగం అన్న ప్రశ్న చాలాసార్లు కారు గురించి కాదు, ఎదుటి డ్రైవర్‌ను తక్కువ చేయడానికి. ‘కారు వల్లే గెలిచాడు’ అన్న ఒక్క మాటతో ఒకరి పదేళ్ల సాధనను కొట్టిపారేస్తారు. మర్నాడు తమవాడు గెలిస్తే అదే నోటితో కారును నెమ్మది చేసేస్తారు. ఆ కారును గీసి, గాలి సొరంగాల్లో పరీక్షించి, మిల్లీమీటర్ల కోసం రాత్రింబవళ్లు పనిచేసిన వందలమంది ఇంజినీర్ల శ్రమ ఇందులో మాటవరసకైనా రాదు.

2021 పాయింట్లే చూడండి. ఇద్దరేసి డ్రైవర్ల పాయింట్లు కలిపి ఇచ్చే జట్ల టైటిల్ మెర్సిడెస్‌ది: 613.5. రెడ్‌బుల్‌కు 585.5. తేడా 28. మెర్సిడెస్ రెండో డ్రైవర్ బొటాస్, రెడ్‌బుల్ రెండో డ్రైవర్ సెర్గియో పెరెజ్‌ల మధ్య తేడా 36. అంటే జట్టు టైటిల్‌ను తేల్చింది రెండో డ్రైవర్లు. వెర్‌స్టాపెన్ గెలిచాడు కనుక రెడ్‌బుల్ మేలని, టైటిల్ వచ్చింది కనుక మెర్సిడెస్ మేలని వాదించే ఇద్దరూ కారును వదిలేసి మనుషులనే కొలుస్తున్నారు.

పైగా ఏడాది పొడవునా కారు ఒకటే కాదు. ఆ సీజన్‌లో మొనాకో నుంచి ఆస్ట్రియా దాకా వరుసగా ఐదు రేసులు రెడ్‌బుల్ గెలిచింది. నవంబర్‌లో బ్రెజిల్‌కు వచ్చేసరికి హామిల్టన్ కారులో కొత్త ఇంజిన్ పడింది. వెనక రెక్క నిబంధనకు లోబడలేదని క్వాలిఫయింగ్ ఫలితం రద్దయి, ఆదివారం వరసను తేల్చే స్ప్రింట్ అనే పొట్టి రేసులో 20వ స్థానం నుంచి బయల్దేరి ఐదోవాడిగా వచ్చాడు. ఇంజిన్ మార్చినందుకు పడిన శిక్షతో ఆదివారం పదో స్థానం నుంచి మొదలుపెట్టి గెలిచాడు. ఖతార్, సౌదీ అరేబియాల్లోనూ అతడే. జూన్‌లో వేగం ఒకరిది, నవంబర్‌లో మరొకరిది.

కొలవాలనుకునేవారికి సాధనం లేకపోలేదు. ప్రతి రేసులో ప్రతి కారు ల్యాప్ సమయాలను పోటీల నిర్వహణ సంస్థ ఎఫ్‌ఐఏ బయటపెడుతుంది. మొదటి రెండు మూడు ల్యాప్‌లు, టైర్లు మార్చే పిట్‌లోకి వెళ్లివచ్చినవి, సేఫ్టీ కారు వెనక సాగినవి తీసేయండి. ఎదుటి కారు తోకపట్టుకుని ఇరుక్కుపోయిన ల్యాప్‌లను పక్కన పెట్టండి. ఒకే రకం టైర్లు, ఒకే వయసు టైర్లు ఉన్న చోట ఇద్దరేసి డ్రైవర్ల సమయాలను పక్కపక్కన పెట్టి చూడండి. గంట పని. పది రోజుల తగాదా కన్నా ఎంతో నయం. ప్రసారాల్లో వ్యాఖ్యాతలు కూడా పోల్ తేడాను పదే పదే చూపేబదులు ఈ సగటులను చూపించాలని మేం కోరుతున్నాం.

ఆ కొలతతోనే మా మాటా చెబుతాం. అబుధాబిలో ఆ ఆదివారం వేగమైన కారు మెర్సిడెస్. ఏడాదిలో 22 రేసులకు 10 గెలిచిన వెర్‌స్టాపెన్ టైటిల్‌కు దానివల్ల వచ్చే మచ్చేమీ లేదు.