'అగైన్' ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళే లేరా?

మా పాప పదో తరగతి. మొన్న రాత్రి దాని ఇంగ్లిష్ నోట్‌బుక్ తిరగేస్తుంటే ఒక వాక్యం చుట్టూ ఎర్ర ఇంకుతో పెద్ద సున్నా కనబడింది. 'ద టీచర్ పుట్ అగైన్ ఆఫ్ ద టెస్ట్' అని రాసింది. తప్పే, ఒప్పుకుంటా. కానీ ఎందుకు తప్పో పక్కన ఒక్క ముక్క రాయలేదు. "ఏమంట దీంట్లో తప్పు?" అని అడిగితే "ఫ్రేజల్ వర్బ్ విరిగిపోయిందంట నాన్నా" అంది. ఫ్రేజల్ వర్బ్ అంటే 'పుట్ ఆఫ్' (వాయిదా వేయడం) లాగా క్రియ, దాని వెనక చిన్న ముక్క కలిసి ఒకే అర్థమిచ్చే మాట. విరిగితే ఎట్లా అతికించాలో మాత్రం చెప్పలేదంట.

పేరెంట్స్ మీటింగ్‌లో ఆ సార్‌నే అడిగినా. మంచివాడే పాపం, నవ్వుతూ చెప్పినాడు: "అది అంతే సార్, వినంగ వినంగ వస్తాది. ప్రతిదానికీ రూల్ అడిగితే ఎట్ల?" వినంగ వినంగ అంటే ఎక్కడ వినాలి స్వామీ? కడపలో మా వీధిలో వినపడే ఇంగ్లిష్ మొత్తం కలిపితే 'కరెంట్ కట్', 'సిలిండర్ బుక్ చేసినా', 'ఓటీపీ చెప్పన్నా', అంతే. పుట్ ఆఫ్ అనే మాట ఏడురోడ్ల కూడలిలో ఎవరి నోట్లోంచి రాలుతుంది?

నాకు ఇంత మంట ఎందుకంటే ఈ దెబ్బ నేనూ తిన్నా. డిగ్రీ అయినాక బెంగళూరులో ఒక కాల్ సెంటర్‌లో చేరినా. మొదటి నెలలోనే ఒక అమెరికా కస్టమర్‌తో 'ఐ విల్ కాల్ ఇమ్మీడియట్లీ యు బ్యాక్' అన్నా. అవతలి నుంచి కాసేపు ఉలుకూ పలుకూ లేదు. మరుసటి రోజు ఆ రికార్డింగ్‌ను ట్రైనింగ్ రూంలో ముప్పై మందికి వినిపించి నవ్వించినారు. 'ఐ విల్ కాల్ యు రైట్ బ్యాక్' అనాలంట. సరే, నేర్చుకున్నా. కానీ అక్కడ కూడా ఎందుకట్లా అని చెప్పినవాడు లేడు. స్క్రిప్ట్ చేతిలో పెట్టి చదవమన్నారు, అంతే.

ఇదేమీ మన కడపోళ్ళ మందబుద్ధి కాదు. శామ్యూల్ జాన్సన్ అనే ఆయన 1755లో అచ్చేసిన తన ఇంగ్లిష్ నిఘంటువు ముందుమాటలోనే ఒప్పుకున్నాడు, క్రియ వెనక చిన్న ముక్క తగిలించి అర్థం మార్చేసే ఈ అలవాటు పరాయివాళ్ళకు అన్నిటికంటే ఎక్కువ కష్టమని. వాళ్ళ మనిషే ఒప్పుకున్నాక మనం సిగ్గుపడేదేముంది? అంత కష్టమైనదాన్ని నేర్పేటప్పుడు మాత్రం మనోళ్ళు ఏం చేస్తారు? 'గివ్ అప్ అంటే వదిలేయడం, పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం' అని ఎక్కాల్లాగా వంద బట్టీ పట్టిస్తారు. స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకం ఏది తీసినా ఇదే పట్టిక. వందా వచ్చినోడు కూడా వాటిల్లో ఒకదాని పక్కన 'క్విక్లీ' పెట్టాల్సి వస్తే నీళ్ళు నములుతాడు.

పాప అడిగిన ప్రశ్న వినండి, చాలా న్యాయమైన ప్రశ్న. "'పుట్ ద టెస్ట్ ఆఫ్' అనొచ్చని సారే చెప్పినాడు కదా నాన్నా, మరి టెస్ట్ మధ్యలో దూరితే తప్పులేదు, అగైన్ దూరితే తప్పా?" అవును తల్లీ, అదే తిరకాసు. కర్మ, అంటే ఇక్కడ 'ద టెస్ట్', మధ్యలో కూర్చోవచ్చు. 'ఇట్' లాంటి సర్వనామమైతే కూర్చొని తీరాలి, 'పుట్ ఆఫ్ ఇట్' అంటే మళ్ళీ సున్నానే. కానీ 'అగైన్', 'క్విక్లీ', 'కంప్లీట్లీ' లాంటివాటికి ఆ సందులో చోటు లేదు. అవి క్రియకు ముందన్నా ఉండాలి, అంతా అయిపోయినాక చివరన్నా ఉండాలి. 'షీ క్విక్లీ పిక్డ్ ఇట్ అప్' సరే, 'షీ పిక్డ్ ఇట్ అప్ క్విక్లీ' సరే. 'పిక్డ్ క్విక్లీ అప్ ఇట్' అంటే మాత్రం గోవిందా.

ఎందుకు చోటు లేదో చెప్పడానికి నాకు ఇంగ్లిష్ గ్రామర్ కంటే మన తెలుగే ఎక్కువ పనికొచ్చింది. పాపతో అన్నా: "వాడు నాకు మెల్లగా చెయ్యిచ్చినాడు అంటే ఏంది?" "మోసం చేసినాడు." "వాడు నాకు చెయ్యి మెల్లగా ఇచ్చినాడు అంటే?" పకపకా నవ్వింది, "షేక్ హ్యాండ్!" అంది. ఇంకోటి: నలుగురిలో బాగా గాలి తీసేసినాడు అంటే పరువు తీసినాడని, గాలి బాగా తీసేసినాడు అంటే సైకిల్ టైరు గుర్తొస్తుంది. మాట రెండుగా కనబడినా అర్థం ఒకటే ముద్దయిపోయింది కాబట్టి మధ్యలో వేలు పెడితే ముద్ద విడిపోయి పాత అర్థాలు బయటికొస్తాయి. ఇంగ్లిష్‌లోనూ ఇంచుమించు అంతే. బెలూన్ నిజంగానే పైకి పోతుంటే 'ద బెలూన్ వెంట్ స్లోలీ అప్' అనొచ్చు, అక్కడ అప్ అంటే పైకే కదా, ముద్ద కాలేదు. 'హీ గేవ్ స్లోలీ అప్' అనలేం, ఎందుకంటే గివ్ అప్‌లో ఇచ్చేదీ లేదు, పైకి పోయేదీ లేదు. ఐదు నిమిషాల్లో దానికి అర్థమైంది. ఈ ఐదు నిమిషాలు క్లాసులో దొరకవా?

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ 'లుక్ కేర్‌ఫుల్లీ ఎట్ ద పిక్చర్' అని దాని పాఠంలోనే ఉంది, చూపించింది. మధ్యలో దూరింది కదా! దూరొచ్చు, ఎందుకంటే ఆ 'ఎట్' క్రియకు తోక కాదు, వెనకున్న పిక్చర్‌కు ముక్కు. మనం 'బొమ్మ వైపు' అంటామే, ఆ 'వైపు' లాంటిది. డిక్షనరీలో అర్థం వెతకడమనే 'లుక్ అప్'లో అప్ మాత్రం క్రియ తోక. తోకా ముక్కా తేల్చుకోవడానికి నాకు తెలిసిన తేలిక పరీక్ష 'ఇట్' పెట్టి చూడడమే. 'లుక్ ఎట్ ఇట్' అంటారు, 'లుక్ ఇట్ అప్' అంటారు.

ఇంక 'రైట్'. మనకు రైట్ అంటే బస్సు కండక్టర్ 'రైట్ రైట్' అనడమే. వాళ్ళ మాటల్లో ఇది 'వెంటనే', 'నేరుగా' అనే వేరే పని చేస్తుంది. రైట్, స్ట్రెయిట్ అనేవి ఆ సందులోకే, సరిగ్గా తోకకు ముందే వచ్చి కూర్చుంటాయి. 'కమ్ రైట్ ఇన్', 'గో స్ట్రెయిట్ బ్యాక్'. పైన నా పరువు తీసిన 'కాల్ యు రైట్ బ్యాక్' కూడా ఈ జాతే. ఇక్కడా ఒక మెలిక ఉంది, కర్మ ముందే వచ్చేయాలి. 'పుట్ ద బుక్ రైట్ బ్యాక్' బాగుంటుంది, 'పుట్ రైట్ బ్యాక్ ద బుక్' బాగుండదు. ముద్దయిపోయిన 'గివ్ అప్' లాంటివాటిలోకి రైట్ కూడా దూరదు. ముందన్నా చివరన్నా అని పైన అన్నా కానీ, అన్నిటికీ ముందు చోటు కుదరదు: 'గెట్ ఆన్ వెల్ విత్' (ఒకరితో బాగా కలిసిపోవడం)లో వెల్ ఎక్కడుందో చూసుకోండి, దాన్ని ముందుకు లాగి 'వెల్ గెట్ ఆన్' అంటే ఎవరూ ఒప్పుకోరు. దీని గురించి ఇంతకంటే రాయను, నాకే తల తిరుగుతోంది.

అన్నట్టు, ఇంటర్వ్యూలో 'ఐ సక్సెస్‌ఫుల్లీ పాస్డ్ ఔట్ ఇన్ 2019' అనే మన పిల్లలకు ఒక మాట. మన దేశంలో పర్వాలేదు, డిగ్రీ అయిందనే అనుకుంటారు. అమెరికావాడి ముందు అంటే విజయవంతంగా స్పృహ తప్పి పడిపోయినాడని అనుకుంటాడు.

సరే, ఇదంతా నేర్పించినాక పాప ధైర్యంగా హోంవర్క్‌లో సొంతంగా ఒక వాక్యం రాసింది. మా ఇంట్లో రోజూ జరిగే విషయమే: 'ద పవర్ వెంట్ ఆఫ్, బట్ ఇట్ కేమ్ స్ట్రెయిట్ బ్యాక్ ఆన్'. ఒక్క అక్షరం తప్పు లేదు, నిజానికి నాకంటే బాగా రాసింది. నిన్న నోట్‌బుక్ వచ్చింది. 'స్ట్రెయిట్' చుట్టూ ఎర్ర సున్నా.

రేపు పర్మిషన్ పెట్టి మళ్ళీ స్కూల్‌కు పోతున్నా.