పంప్‌రూమ్ గోడ మీది చెక్‌లిస్టు గారికి

అయ్యా చెక్‌లిస్టు గారూ,

నమస్కారం. ఈ భవనంలో అందరికంటే ఆరోగ్యంగా ఉన్నది మీరొక్కరే కాబట్టి క్షేమ సమాచారాలు అడగడం లేదు. స్టార్టర్ ప్యానెల్ పక్కన, తడి తగలని చోటు చూసి, ప్లాస్టిక్ కవరు తొడిగి మరీ మిమ్మల్ని వేలాడదీశారు. ఇక్కడ ఏ మోటారుకీ ఇంత రక్షణ లేదు. మీ ఒంటి మీద ముప్పై గడుల్లో ముప్పై టిక్కులు, ఒకే పెన్నుతో, ఒకే వాలుతో. నెల పూర్తి కావడానికి ఇంకా వారం ఉంది.

మొదటి వరుసతోనే మొదలుపెడతాను. ‘పంపు లీకేజీ: ఉంది / లేదు.’ గ్లాండ్ ప్యాకింగ్, అంటే తిరిగే షాఫ్టు చుట్టూ నీటిని అదుపు చేయడానికి చుట్టే తాడు, వేసిన పంపు చుక్కలు చుక్కలుగా కారాలండీ. షాఫ్టుకీ ప్యాకింగుకీ మధ్య రాపిడిని చల్లార్చేది ఆ చుక్కలే. అవి కనబడకుండా గ్లాండ్ బిగించేస్తే ప్యాకింగ్ మాడుతుంది, షాఫ్టు స్లీవు అరుగుతుంది. చుక్కలు ధారగా మారితే అప్పుడు చూసుకోవాలి. ఇదే పంపుకి మెకానికల్ సీల్ ఉంటే కథ వేరు, అక్కడ కారడమంటే సీల్ పోతున్నట్టు లెక్క. ఇంత సంగతి ఉంటే మీ దగ్గర రెండే మాటలు: ఉంది, లేదు. ‘ఉంది’ అని రాస్తే సూపర్‌వైజర్‌కు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ‘లేదు’ అని రాస్తే ఇంటికి పోవచ్చు. షిఫ్టు ఆఖరి పది నిమిషాల్లో మనిషి ఏది రాస్తాడో మీకు తెలియంది కాదు.

మీది గొప్ప వంశమని విన్నాను. 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డులో బోయింగ్ మోడల్ 299 అనే నాలుగింజన్ల విమానం పరీక్ష కోసం లేచి, లేచిన కాసేపటికే కూలిపోయింది. యంత్రంలో లోపమేమీ లేదు. నేల మీద ఉన్నప్పుడు గాలికి తోక భాగాలు కొట్టుకోకుండా బిగించే లాకును తీయడం మరిచిపోయారు. ఇద్దరు చనిపోయారు. పైలట్ కొత్తవాడేమీ కాదు. ఇంత క్లిష్టమైన యంత్రాన్ని మనిషి జ్ఞాపకానికి వదిలేయకూడదని తేల్చుకుని, పైలట్ల కోసం చిన్న జాబితా రాశారు. అదే నమూనా విమానం ఆ తర్వాత బీ-17గా యుద్ధానికి వెళ్లింది. ఆ జాబితాలో ప్రతి వరుసా చేతిని ఒక మీట దగ్గరికి తీసుకెళ్లేది. మీలో ప్రతి వరుసా చేతిని పెన్ను దగ్గరికి తీసుకెళ్తుంది. మనవళ్లు ఇలా తయారవుతారని ఆ పెద్దలు ఊహించి ఉండరు.

డీజీ సెట్టు, అంటే డీజిల్ జనరేటర్ సంగతికి వస్తే, ‘నెలకోసారి స్టార్ట్ చేశారా?’ అంటారు మీరు. చేశాం. పది నిమిషాలు, లోడు లేకుండా. టిక్కు. డీజిల్ ఇంజన్‌ను అలా ఖాళీగా తిప్పితే సిలిండర్ తగినంత వేడెక్కదు, కాలని ఇంధనం మసితో కలిసి నల్లటి జిడ్డుగా ఎగ్జాస్టులో పేరుకుంటుంది. మా వాళ్లు దాన్ని వెట్ స్టాకింగ్ అంటారు. అత్యవసర జనరేటర్ల కోసం అమెరికాలో రాసిన ఎన్‌ఎఫ్‌పీఏ 110 ప్రమాణం నెలకోసారి కనీసం 30 నిమిషాలు, రేటింగులో 30 శాతానికి తగ్గని లోడు మీద, లేదంటే తయారీదారు చెప్పిన ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత వచ్చేలా నడపమంటుంది. మీకు లోడుతో పని లేదు. స్టార్టయిందా లేదా, అంతే. అంటే జనరేటర్‌ను కాపాడమని పెట్టిన వరుసే నెల నెలా దానికి మసి పూయిస్తోంది. బ్యాటరీ వరుస ఇంకా ముచ్చటైనది. వోల్టేజీ చూడమంటారు, చూస్తాం, బాగానే ఉంటుంది. ముసలి బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు ఎప్పుడూ బాగానే ఉంటుంది. స్టార్టర్ మోటారు లాగేటప్పుడు వోల్టేజీ ఎంతకు పడిపోతోందో చూస్తే దాని బండారం బయటపడుతుంది. ఆ ప్రశ్న మీ కాగితంలో లేదు. కరెంటు పోయిన రాత్రి ఆ ప్రశ్న జనరేటరే అడుగుతుంది.

ఫైర్ పంప్: ఓకే. పంపు నిజంగానే ఓకే, మాట్లాడ్డానికి ఏమీ లేదు. సెలెక్టర్ స్విచ్ మాత్రం మాన్యువల్‌లో ఉంది. పైన ఏదో పైపు పని కోసం ఎవరో తిప్పారు, పని అయ్యాక ఎవరూ తిప్పలేదు. డెలివరీ వాల్వ్ మూసి ఉన్నా మీకు పట్టదు. లైన్లో ప్రెషర్ తగ్గినప్పుడు పంపు తనంతట తాను లేవాలి, దాని పుట్టుకే అందుకు. ప్రెషర్ ఎంతకు పడితే లైన్లో ఒత్తిడి నిలబెట్టే చిన్న జాకీ పంపు లేచింది, ఎంతకు పడితే మెయిన్ పంపు లేచింది అన్న రెండు అంకెలు అడిగి ఉంటే స్విచ్ ఎక్కడుందో ఆ క్షణమే తెలిసేది. మీరు ‘ఓకే’నా అని అడిగారు. మేం ‘ఓకే’ అన్నాం. రెండు అక్షరాల ఒప్పందం.

ఏహెచ్‌యూ, అంటే ఏసీ గాలిని ఫ్లోర్లకు పంపే యంత్రం, దాని ఫిల్టర్ల దగ్గర మీరు క్యాలెండర్‌ను నమ్ముకున్నారు. నెలకోసారి కడగాలి. దుమ్ముకు క్యాలెండర్ ఉండదండీ. పక్క ఫ్లోరులో జిప్సం బోర్డులు కోస్తుంటే వారంలో మూసుకుపోతుంది, ఖాళీగా ఉన్న ఫ్లోరులో మూడు నెలలైనా తెల్లగానే ఉంటుంది. ఫిల్టర్‌కు ముందూ వెనకా గాలి పీడనంలో తేడా చూపించే గేజి పక్కనే బిగించి ఉంది, పాపం ఎవరూ దాని మొహం చూడరు. చూసినా ఒక చిక్కు ఉంది: ఫిల్టర్ చిరిగిపోయినా, అసలు తీసి పక్కన పడేసినా ఆ గేజి దాదాపు సున్నాకు దిగుతుంది. మీ లెక్కలో తక్కువ రీడింగ్ అంటే మంచి రీడింగ్ కాబట్టి, ఈ భవనంలో అత్యుత్తమ ఫిల్టర్ లేని ఫిల్టరే. ఫ్యానుకు వీఎఫ్‌డీ, అంటే వేగాన్ని తగ్గించి పెంచే పరికరం ఉందా, ఆన్‌లో ఉందా అని కూడా అడిగారు. ఉంది, ఆన్‌లోనే ఉంది. ఎవరో ఒక వేసవిలో హ్యాండ్‌లో, అంటే చేతి నియంత్రణలో పెట్టి నూరు శాతం వేగానికి కట్టేశారు. ఫ్యాను వేగం 80 శాతానికి దించితే పవర్, లెక్క ప్రకారం, సుమారు 51 శాతానికి దిగుతుంది. వేగం ఘనానికి తగ్గట్టు పడిపోతుంది కదా. ఆ మిగులు కోసమే వీఎఫ్‌డీ కొన్నారు. దాన్ని ఆన్, ఆఫ్ స్విచ్‌లా వాడుతున్నారు.

చిల్లర్ వేడిని బయటికి వదిలే కూలింగ్ టవర్‌కు మీరు కేటాయించింది ఒకటే వరుస: ‘నీటి మట్టం సరిగా ఉందా?’ ఉంది. ఆవిరైపోయే నీరు ఉప్పుల్ని వెంట తీసుకెళ్లదు, అన్నీ టవర్‌లోనే చిక్కబడతాయి. బ్లోడౌన్, అంటే ఆ చిక్కని నీటిని కొంత వదిలేయడం సరిగా లేకపోతే కండెన్సర్ ట్యూబుల్లో పొలుసు కట్టి, భవనానికి నీటిని చల్లబరిచే చిల్లర్ అదే చల్లదనానికి ఎక్కువ కరెంటు తింటుంది. కండెన్సర్ అప్రోచ్, అంటే కండెన్సర్‌లోని గ్యాసుకూ బయటికొచ్చే నీటికీ మధ్య ఉష్ణోగ్రత తేడా రోజూ రాస్తే ఆ పొలుసు వారాల ముందే అంకెల్లో కనబడుతుంది. రాస్తున్నారు కూడా, గంటగంటకీ. కాకపోతే ఇరవై నాలుగు గంటల అంకెలూ ఒక్కటే, నిన్నటివీ అవే. బయట ఎండకూ వానకూ ఇంత నిర్లిప్తంగా ఉండే చిల్లర్ ప్రపంచంలో మనదొక్కటే అయి ఉండాలి.

నీటి మట్టం సరిపోతే చాలనుకోవడం ఎక్కడిదాకా వెళ్తుందో చెప్పడానికి 1976 జులై ఉంది. ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మాజీ సైనికుల సమావేశం జరిగింది. హాజరైన వాళ్లు న్యుమోనియాతో పడిపోవడం మొదలైంది, మొత్తం 34 మంది చనిపోయారు. కారణమైన బ్యాక్టీరియాను 1977 జనవరిలో గుర్తించారు, తర్వాత దానికి లెజియొనెల్లా అని పేరు పెట్టారు. హోటల్ ఏసీ వ్యవస్థలోని కూలింగ్ టవర్ మీదే అనుమానం నిలిచింది. సూక్ష్మజీవుల్ని చంపే బయోసైడ్ వేశారా, వెచ్చని నీరు ఎక్కడైనా కదలకుండా నిలిచి ఉందా అన్న ప్రశ్నలు మీలో లేవు. గార్డెన్ లైట్లకు మాత్రం ఆరు వరుసలు ఉన్నాయి.

ఇక మీరు మరీ ఎక్కువగా పట్టించుకున్న చోటు. విప్పు, చూడు, గ్రీజు కొట్టు, బిగించు, మూడు నెలలకోసారి. బాగా నడుస్తున్న బేరింగును కూడా వదలరు. రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల్ని వేటాడే బ్రిటిష్ కోస్టల్ కమాండ్ విమానాల లెక్కలు తీసిన వాడింగ్టన్ అనే శాస్త్రవేత్త ఒక వింత గమనించాడు. 50 గంటల తనిఖీ చేసి పంపించిన వెంటనే ఆ విమానాల్లో చెడిపోవడాలు పెరిగేవి, తర్వాత గంటలు గడిచేకొద్దీ తగ్గేవి. తనిఖీ కోసం చెయ్యి పెట్టడమే కొన్ని చోట్ల జబ్బు తెచ్చిపెడుతోందన్నమాట. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు నౌలన్, హీప్ అమెరికా రక్షణ శాఖకు ఇచ్చిన నివేదికలో, విమాన భాగాల్లో 11 శాతానికే వయసుతో పాటు చెడిపోయే అవకాశం పెరుగుతుందని తేలింది. మిగతావాటిని గడువు చూసి మార్చడం వల్ల ఒరిగేది లేదు. భవనం విమానం కాదని నాకూ తెలుసు. వీ-బెల్టు అరుగుతుంది, ఫిల్టర్ నిండుతుంది, వాటికి వయసుంది. కానీ బేరింగ్ శబ్దం వినకుండా, వైబ్రేషన్ కొలవకుండా, తేదీ వచ్చిందని గ్రీజు గన్ను పట్టుకుని బయల్దేరడం ఏమిటి? ఎక్కువైన గ్రీజు మోటారు బేరింగును వేడెక్కించి చంపుతుంది. అప్పుడూ మీ మీద టిక్కే ఉంటుంది, ‘గ్రీజింగ్: అయ్యింది’ అని.

నిజం చెప్పాలంటే మిమ్మల్ని తిట్టి లాభం లేదు. మీరు యంత్రం కోసం పుట్టలేదు, ఆడిటర్ కోసం పుట్టారు. ఆయన మెట్లు దిగి పంప్‌రూమ్‌కు రాడు. ఏసీ గదిలో కూర్చుని మీ ఫైలు తిప్పుతాడు. గడి ఖాళీగా ఉంటే అభ్యంతరం, గడి నిండి ఉంటే సంతోషం. అందుకే ఆయన వచ్చే ముందు రాత్రి మీకు పెళ్లి కళ వస్తుంది. నాలుగు రంగుల పెన్నులు, పాత తేదీలు, అన్ని షిఫ్టుల సంతకాలు. షిఫ్టులో ఉన్నది ఇద్దరు మనుషులు. వాళ్ల మీద మోపిన వరుసలు వంద దాటాయి. అన్నీ నిజంగా చేయాలంటే రోజుకు రెండు రోజులు కావాలి. వాళ్లు టిక్కు పెట్టడం సోమరితనం అనేవాళ్లు ఒకసారి ఆ వరుసలకు పట్టే నిమిషాలు కూడి చూడాలి.

మీలో నిజం పట్టే చోటు ఒక్కటే ఉంది, చివరి గడి, ‘రిమార్క్స్’. దానికి మీరిచ్చిన వెడల్పు బొటనవేలంత. అందులోనూ ఇరికించి రాసేవాళ్లు ఉన్నారు. ‘ట్యాంకు స్లాబు కింద తేమ.’ వచ్చే నెల కూడా అదే. ఆరో నెల ‘పై విధంగానే’. రాసినవాడు బదిలీ అయ్యాక ‘నిల్’. ఈ చోట నాకు నవ్వు రాదు. ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో ఒక అపార్ట్‌మెంట్ భవనానికి సంబంధించి, పూల్ డెక్ కింద వాటర్‌ప్రూఫింగ్ విఫలమైందని, కాంక్రీటు దెబ్బతిందని 2018లోనే ఇంజనీరు రాసిచ్చాడు. 2021 జూన్ 24న ఆ భవనంలో ఒక భాగం కూలి 98 మంది చనిపోయారు. కాంక్రీటు మరమ్మతులు అప్పటికి మొదలు కాలేదు. కూలడానికి ఆ తేమ ఒక్కటే కారణమని నేననను. రాసినదానికీ పని మొదలవడానికీ మధ్య అన్నేళ్లు ఎలా పడతాయో మాత్రం మీ రిమార్క్స్ గడి చూసినవాళ్లకు కొత్తగా అనిపించదు.

మధ్యలో మిమ్మల్ని డిజిటల్ చేశారు. ప్రతి మెషీన్ మీద క్యూఆర్ కోడ్ అంటించి, అక్కడికి వెళ్లి స్కాన్ చేస్తేనే మీరు తెరుచుకునేలా ఏర్పాటు చేశారు. రెండు వారాలు బాగానే నడిచింది. ఆ తర్వాత అన్ని కోడ్‌లకూ ఫొటోలు తీసి, ప్రింటు వేసి, కంట్రోల్ రూమ్ టేబుల్ అద్దం కింద వరుసగా పేర్చారు. ఇప్పుడు కుర్చీ కదపకుండా భవనమంతా తిరిగి రావచ్చు. డ్యాష్‌బోర్డు మీద పీపీఎం, అంటే ముందస్తు నిర్వహణ పనులు, నూటికి నూరు, పచ్చగా మెరుస్తోంది. అదే తెర మీద భవన యంత్రాల్ని కనిపెట్టే బీఎంఎస్ వ్యవస్థ అలారాలు ఎర్రగా వందల్లో మెరుస్తున్నాయి, వాటి శబ్దం ఎప్పుడో తీసేశారు.

నా విన్నపాలు పెద్దవేమీ కావు. మీ టిక్కు గడుల్లో సగం తీసేసి అంకె రాసే గడులు పెట్టండి. ఆంప్స్, ప్రెషర్, ఉష్ణోగ్రత, ఏదైనా సరే. పక్కనే పోయిన నెల అంకె, దాటకూడని హద్దు కూడా అచ్చు వేయండి. అప్పుడు రాసేవాడికే తేడా కనబడుతుంది. పాడైతే మార్చుకుంటే సరిపోయే బాత్రూమ్ ఫ్యాన్ల కోసం నెల నెలా మనుషుల్ని తిప్పకండి, ఆ సమయం ఫైర్ పంపుకూ డీజీకీ ఇవ్వండి. రిమార్క్స్ గడి పక్కన ‘దీనిపై ఎవరు, ఎప్పటికి’ అని ఇంకో గడి ఉండాలి, దాన్ని నింపాల్సింది మేం కాదు, పైవాళ్లు.

ఇవన్నీ మీకు ముందే చేరాయేమో అని ఆశపడ్డాను, ఎందుకంటే మీ కొత్త రివిజన్ నిన్ననే వచ్చింది. పైనున్న లోగో పెద్దదయింది. రిమార్క్స్ గడి దానికి చోటివ్వడానికి ఇంకాస్త ఒదిగింది. కొత్తగా ఒక వరుస చేరింది: ‘చెక్‌లిస్టు గోడకు సరిగా వేలాడుతోందా?’ అది మాత్రం రోజూ స్వయంగా చూసి, నిజాయితీగా టిక్కు పెడుతున్నాం.

ఇట్లు,
బీ షిఫ్టు, పంప్‌రూమ్