ఖాళీ పోర్టు

టీవీకి వైఫై వద్దు, తీగే లాగుదాం అని నెల్లూరు వేదాయపాళెంలోని ఆ ఇంట్లో తీర్మానం జరిగిపోయింది. తీర్మానించింది కంప్యూటర్లు తెలిసిన అల్లుడు. అతనెవరని అడగొద్దు.

లెక్క తేలికే. టీవీ, సెట్‌టాప్ బాక్సు, హోమ్ థియేటరు, మనవడి ప్లేస్టేషన్: నాలుగు. స్విచ్ అంటే రౌటర్ నుంచి వచ్చే ఒక్క తీగనీ చాలా పరికరాలకి పంచే డబ్బా, పోర్టులంటే దానికి తీగలు గుచ్చే బెజ్జాలు. ఐదు పోర్టుల స్విచ్ కొంటే రౌటర్ నుంచి వచ్చే తీగకే ఒకటి పోతుంది, మిగతా నాలుగూ మొదటిరోజే నిండిపోతాయి. అందుకని ఎనిమిది పోర్టులది. రేటులో తేడా కొన్ని వందలే. గిగాబిట్‌దే, అంటే 1000 ఎంబీపీఎస్ వేగానిదే కావాలి. చాలా టీవీల్లో లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే, 4కే సినిమాకి పాతిక చాలు, నిజమే. కానీ ప్లేస్టేషన్ ఒక గేమ్ దించుకోవడం మొదలుపెడితే 100 వేగంతో తెల్లారిపోతుంది. సెట్టింగులు మార్చుకునే వీలున్న మేనేజ్డ్ స్విచ్ ఇంటికెందుకు, దండగ అన్నాడు అల్లుడు.

ట్రంకు రోడ్డు కొట్టాయన "స్విచ్చెందుకు సార్, ఇది పెట్టుకోండి, ఒకటి రెండయిపోద్ది" అని వై ఆకారపు స్ప్లిట్టర్ చేతిలో పెట్టాడు. అందులో చిప్పంటూ ఉండదు. తీగలోని ఎనిమిది పోగుల్నీ నాలుగేసి చొప్పున పంచుతుందంతే. అవతలి కొసనా ఇలాంటిదే ఇంకోటి పెట్టి, రౌటర్లో రెండు పోర్టులు వాడితేనే పనిచేస్తుంది. అదీ 100 వేగంతోనే, గిగాబిట్‌కి ఎనిమిది పోగులూ కావాలి మరి. ఇదంతా విన్నాక ఆయన "అందరూ ఇదే తీసకపోతుండారు సార్" అన్నాడు.

స్విచ్ వచ్చింది, బిగించారు. స్విచ్ అడాప్టర్ 5 వోల్టులు, సెట్‌టాప్ బాక్సుది 12, పిన్ను మాత్రం ఒకే సైజు. కాబట్టి రెంటికీ పేర్లు రాసి అంటించారు కూడా. సెలవులైపోయాక మనవడు ప్లేస్టేషన్ ఎత్తుకుని చెన్నై వెళ్ళిపోయాడు. దాని తీగ మాత్రం ఒక కొస స్విచ్‌లో, ఇంకో కొస గాల్లో.

మ్యాచ్ రోజు సాయంత్రం టీవీలో చక్రం తిరగడం మొదలైంది. ఫోన్లలో వైఫై గుర్తు నిండుగా ఉంది, ఏదీ తెరుచుకోదు. స్విచ్ మీద లైట్లన్నీ ఒకే తాళంలో, తిరనాళ్ళ సీరియల్ బల్బుల్లా టపటపా కొట్టుకుంటున్నాయి.

"ఎంత బాగా ఎలగతా ఉండాయో చూడండల్లుడా" అని అత్తగారు మురిసిపోయింది.

ఇక్కడ కాస్త ఆగాలి. ఏ పరికరమైనా "ఫలానా అడ్రసు ఎవరిదయ్యా?" అని నెట్‌వర్క్ మొత్తానికీ కేక పెడితే, స్విచ్ ఆ కేకని వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్నింటికీ పంపుతుంది. ఒకే తీగ రెండు కొసలూ అదే స్విచ్‌లో ఉంటే, ఆరో పోర్టు నుంచి వెళ్ళిన కేక ఏడో దాంట్లోంచి తిరిగొస్తుంది. స్విచ్ దాన్ని కొత్త కేకనుకుని మళ్ళీ అందరికీ పంపుతుంది. ఇలా తీగ మీద వెళ్ళే డేటా మూటని ఈథర్నెట్ ఫ్రేము అంటారు. దానికి వయసు తీరడమన్నది లేదు, చావదు. 64 బైట్ల ఫ్రేములైతే గిగాబిట్ తీగ మీద సెకనుకు దాదాపు 14,88,000 తిరగ్గలవు. ఆ వరద రౌటర్‌నీ ముంచేస్తుంది, అందుకే ఫోన్లకీ నెట్ అందదు. పాతకాలం స్విచ్‌లైతే మామూలు తీగతో రెండు పోర్టులు కలిపినా లింకు వచ్చేదే కాదు, లోపలి పోగులు తారుమారు చేసిన క్రాసోవర్ తీగ కావాలి. ఇప్పటివి అతి తెలివివి, తామే సర్దుకుంటాయి. ఈ వలయాల్ని కనిపెట్టి ఒక దారి మూసే స్పానింగ్ ట్రీ పద్ధతిని కంప్యూటర్ ఇంజనీరు రేడియా పెర్ల్‌మన్ 1985లోనే తయారుచేసింది. దండగన్న మేనేజ్డ్ స్విచ్‌లో ఉండేది అదే.

ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే, రౌటర్ ఆపి ముప్పై సెకన్లాగి వెయ్యమన్నారు. వేస్తే కాసేపు వచ్చి పోయింది. మళ్ళీ ఆపమన్నారు. ఇంట్లో స్విచ్ ఉందంటే "బోర్డు మీద స్విచ్చా సార్?" అన్నారు.

చివరికి అల్లుడు రౌటర్ నుంచి స్విచ్‌కి వచ్చే తీగ పీకాడు. ఫోన్లలో నెట్ వెంటనే లేచి కూర్చుంది. అంటే లైన్ బాగానే ఉంది, రోగం స్విచ్ వైపే. ఆ తీగ మళ్ళీ పెట్టి, మిగతావి ఒక్కొక్కటే లాగుతూ వస్తే, ఏడో పోర్టులోది లాగగానే లైట్లు నిమ్మళించాయి.

"అదా? ఏలాడతా ఉంటే చూడ్డానికి బాలేదని నేనే ఖాళీగా ఉండే బెజ్జంలో పెట్టినా" అంది అత్తగారు.

ఏం మాట్లాడతాం? అప్పటికి మ్యాచ్ అయిపోయింది.

మర్నాడు పొద్దున, బాగైపోయిందని చెప్పినా వినకుండా కంపెనీ కుర్రాడు వచ్చాడు. ముందు ఓటీపీ అడిగాడు, కంప్లైంట్ క్లోజ్ చేసుకోవాలట. తర్వాత రౌటర్ పాతదైపోయింది, మార్చుకోమన్నాడు. అల్లుడు బిల్లు వెతకడానికి లోపలికి వెళ్ళాడు. ఆ కుర్రాడు టీవీ వెనక్కి వంగి, వేలాడుతున్న తీగ కొస పట్టుకుని, "ఇది ఊడిపోయుండాది సార్" అంటూ టక్కున బిగించాడు.